‘ఆక్సిజన్‌ను బంధించే ప్రోటీన్లు’ అనొచ్చా?

అందరికీ నమస్కారమండి. నేను బెజవాడలో ఇంటర్ పిల్లలకి తెలుగు మీడియంలో జువాలజీ చెప్తాను. మొన్న క్లాసులో ‘హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను బంధిస్తుంది’ అని ఎప్పట్లాగే రాయించా, ముందు బెంచీలో పిల్ల లేచి "బంధించేస్తే మళ్ళీ కండకి ఎట్టా ఇస్తది మేడం" అంది. ఇన్నేళ్ళుగా రాయిస్తున్నా నాకెప్పుడూ తట్టలేదండీ. బంధించడం అంటే మనకి గదిలో పెట్టి గొళ్ళెం వెయ్యడం, దొంగని తాళ్ళతో కట్టెయ్యడం, అందులో వదిలే ఊసే లేదు. ఈ ప్రోటీన్ గొప్పంతా వదలడంలోనే ఉంది కదా, ఊపిరితిత్తుల్లో పట్టుకోవాలి, కండ దగ్గరికెళ్ళి వదలాలి.

అప్పట్నుంచీ నా బుర్రలో తిరుగుతున్న మాట పట్టువిడుపు. పెద్దమనుషులు తగువు తీర్చేటప్పుడు "కాస్త పట్టువిడుపులుండాలయ్యా" అంటారే, అదే. హీమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు, ఒక్కోదాంట్లో హీమ్ అనే చిన్న భాగం, దాని నడుమ ఇనుము, ఒక ఆక్సిజన్ వచ్చి కూర్చోగానే మిగతా చోట్ల పట్టు పెరుగుతుంది, ఒకటి దిగితే మిగతావీ సులువుగా దిగుతాయి, పైగా కష్టపడే కండలో కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం పెరిగితే పట్టు ఇంకా సడలుతుంది. అదే కండలో ఉండే మయోగ్లోబిన్ అయితే ఒంటి గొలుసు, 153 అమైనో ఆమ్లాలు, చుట్టూ ఆక్సిజన్ బాగా పడిపోతే గానీ వదలదు. మా పిల్లలకి హీమోగ్లోబిన్ గుంటూరు మిర్చి టిక్కీలు (బస్తాలు) తోలే లారీ, మయోగ్లోబిన్ కోల్డ్ స్టోరేజీ అని చెప్తే ఠక్కున ఎక్కుతుంది. నాటుకోడి కోయించినప్పుడు చూడండి, తొడ ముక్క ముదురెరుపు, రొమ్ము ముక్క తెలుపు, రోజంతా నడిచే కాలికి సరుకు నిల్వ కావాలి మరి. ఆ ఎరుపు మయోగ్లోబిన్‌ది, నెత్తురు అనుకుంటాం గానీ కాదు.

పట్టు ఉండి విడుపు లేకపోతే ఏమవుతుందో కూడా ఇక్కడే ఉంది. తలుపులేసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ‘బంధించడం’ అనే మాట అక్కడ వాడండి, నాకేం అభ్యంతరం లేదు.

*గుంటూరు నుంచి ఒక మాస్టారు:* అమ్మా, కెమిస్ట్రీలో రసాయన బంధం, అయానిక బంధం అని ఎప్పట్నుంచో ఉన్నాయి, పిల్లలకి అలవాటే. ఇప్పుడు కొత్త మాట పెడితే పరీక్షలో తికమక పడరూ?

*నా జవాబు:* మాస్టారూ, బంధం అనే నామవాచకంతో నాకు పేచీ లేదు. ఇనుముకీ ఆక్సిజన్‌కీ మధ్య బంధం ఏర్పడుతుంది అంటే తప్పేంలేదు, చుట్టరికంలో బంధం అన్నా అది జైలు కాదుగా. క్రియ చేసేసరికే అర్థం మారిపోతోంది. ‘బంధం ఏర్పడుతుంది’ వేరు, ‘బంధిస్తుంది’ వేరు.

*ఇంకొకరు:* ‘ఆక్సిజన్ వాహకాలు’ అంటే పోయేదానికి ఇంత చర్చ ఎందుకండీ?

*నా జవాబు:* హీమోగ్లోబిన్‌కి సరిపోతుందండి, ఊరంతా తిరుగుతుంది కాబట్టి. మయోగ్లోబిన్ కండ కణం దాటి బయటికి రాదే. ఇంకోటుంది, న్యూరోగ్లోబిన్, 2000లో బయటపడింది, నాడీకణాల్లో ఉంటుంది, మెదడులో ఉండేది కూడా చాలా కొంచెం, దాని అసలు పనేంటి అని పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మనం ముందే వాహకం అని పేరు పెడితే ఆ తీర్పు మనమే ఇచ్చేసినట్టు. ఆక్సిజన్‌ని పట్టుకుని వదులుతుంది అన్నవరకే అనాలి.

*రొయ్యల చెరువులున్న ఒకాయన:* మేడం, మా రొయ్యకి ఎర్ర నెత్తురు లేదు కదా, దానికీ ఇదే మాటా?

*నా జవాబు:* దానికీ ఇదేనండీ. దానిది హీమోసయనిన్, ఇనుము బదులు రాగి, ఆక్సిజన్ పట్టుకుంటే నీలి ఛాయ, వదిలేస్తే రంగుండదు. చిక్కు ఇంకోచోట ఉంది. రక్తం అంటేనే సంస్కృతంలో రంగు పట్టింది, ఎర్రనిది అని, రాగం, రక్తి అన్నీ ఆ ధాతువు నుంచే. నీలి ‘రక్తం’ అని రాయడానికి నా చెయ్యి ఆడలా, రొయ్య పాఠంలో ‘దేహద్రవం’ అని రాయించా.

మర్నాడు ఆ పిల్ల చేతే బోర్డు మీద పాత వాక్యం కొట్టేయించి ‘హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకుని, కావాల్సిన చోట వదులుతుంది’ అని రాయించా. బ్రాకెట్లో పాఠ్యపుస్తకం మాట కూడా పెట్టాం మాస్టారూ, పరీక్ష కోసం.