జిటాన్ కుర్చీ విలువ కట్టెదా, పనివాడిదా?

పాతసామాను:
కొన్నేళ్ల కిందట ఆఫీసు పని మీద షాంఘై వెళ్లినప్పుడు అక్కడి మ్యూజియంలో ఒక కుర్చీ ముందు చాలాసేపు నిలబడిపోయాను. మింగ్ రాజుల కాలం (1368–1644) నాటిది. కూర్చునే పలక ముందువైపు వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ ఇరుకుగా, విసనకర్ర విప్పినట్టు ఉంది. వీపు ఆనుకునే పలక మీద ఒక్కచోట మాత్రం పియోనీ పూలు చెక్కి, మిగతాదంతా నున్నగా వదిలేశారు. నలుపుకు తిరిగిన ఊదారంగు. మేకు అన్నది ఎక్కడా కనబడలేదు. చీటీ మీద కట్టె పేరు జిటాన్ అని ఉంది. వెంట వచ్చిన స్థానిక మిత్రుడు నవ్వి, 'ఇది మీ దేశపు చెట్టే' అన్నాడు. మన శేషాచలం ఎర్రచందనం!

అప్పటినుంచీ ఒక ప్రశ్న వదలడం లేదు. ఆ కుర్చీ విలువ కట్టెలో ఉందా, చేసిన చేతుల్లో ఉందా? నా ఓటు చేతులకే. ఎందుకంటే ఆ కుర్చీ రూపం కట్టె కంటే పాతది. సోంగ్ రాజుల కాలపు (960–1279) చిత్రాల్లో అవే నిటారు కాళ్లు, అవే కమ్మీలు కనిపిస్తాయి. అప్పట్లో మామూలు కట్టెతో చేసి పైన లక్కపూత వేసేవారు (మన లక్క కాదు, అక్కడి ఒక చెట్టు పాలు). ప్రైవేటు సముద్ర వ్యాపారం మీదున్న నిషేధాన్ని 1567లో సడలించాక విదేశీ గట్టికట్టె ఓడల్లో బాగా దిగింది. అంటే కుర్చీ ముందు, కట్టె తర్వాత. కాదనేవారు రండి.

కోడూరు రైతు:
పాతసామాను గారూ, మ్యూజియంలో నిలబడి చూసేవారికి పనితనం కనిపిస్తుంది. గట్టు మీద నిలబడి చూసే మాకు టన్ను కనిపిస్తుంది. 2001లో మా పొలం గట్ల మీద 200 మొక్కలు పెట్టాం. ఇన్నేళ్లకు ఒక వ్యాపారి వచ్చి, మాను మీద గొడ్డలితో చిన్న చెక్కు లేపి చూశాడు. చుట్టూ తెల్లచెక్క మూడు వేళ్ల మందం, లోపల చేవ పిడికెడు. 'ఇంకో పదేళ్లు ఆగండి' అని కారెక్కి వెళ్లిపోయాడు. నీళ్లు పారే నేలలో చెట్టు లావెక్కుతుంది గానీ చేవ కట్టదని మా పెద్దలు చెబుతూనే ఉన్నారు, మేము వినలేదు. రాళ్ల గుట్ట మీద ఎండకు మాడి పెరిగినదానికే ఆ రంగు, ఆ బరువు.

వేలంలో ఎ, బి, సి అని గ్రేడులు కడతారు. చార అలలు అలలుగా తిరిగిన దుంగకు ఒక ధర, తిన్నగా ఉన్నదానికి మరొకటి. ఆ అల ఏ వడ్రంగి పెట్టాడు? కొండల్లో దొంగలు కూడా తెల్లచెక్కను అక్కడే చెక్కి పారేసి, చేవ ఒక్కటే భుజాన వేసుకుని దిగుతారు. విలువ ఎక్కడుందో వాళ్లకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. పనివాడికి దండం పెడదాం, కానీ ముందు కట్టె.

చెక్కబొమ్మ:
మాది తిరుపతి దగ్గర బొమ్మలు చెక్కే కుటుంబం. అటవీశాఖ పర్మిట్ మీద వచ్చే ఎర్రచందనం ముక్కలతో మా తాత దేవుడి బొమ్మలు చేసేవారు. ఈ వాదన ఇద్దరూ కొంత తప్పుగా పట్టుకున్నారని నాకనిపిస్తోంది.

ఎర్రచందనం మీద చిత్రిక పట్టి చూసినవారికి తెలుస్తుంది. టేకు మీద చిత్రిక వేస్తే రిబ్బను లాగా చుట్టలు చుట్టలుగా లేస్తుంది. దీని మీద వేస్తే పొడి రాలుతుంది, పదిసార్లు లాగేసరికి అలుగు మొద్దుబారుతుంది. ఉలిని సుత్తితో కొట్టి కాదు, అరచేత్తో నెట్టి కొంచెం కొంచెంగా గీకాలి. చెమట పట్టిన చేతికి ఎర్రటి ధూళి అంటుకుంటుంది, అది సబ్బుతో ఒక పట్టాన వదలదు. అయితే ఒకసారి గీత పడిందా, అంచు చెదరదు. టేకులో కనుబొమ్మ వెంట్రుకలు చెక్కబోతే పెచ్చులూడతాయి. ఇందులో బియ్యపుగింజంత ముఖం మీద కూడా కనురెప్ప నిలుస్తుంది.

మింగ్‌ల తర్వాత వచ్చిన చింగ్ రాజులు జిటాన్ సింహాసనాల మీద మేఘాలు, డ్రాగన్లు లోతుగా చెక్కించడానికి కారణం ఇదే. అదే చైనావాళ్లు హైనాన్ దీవిలో దొరికే హువాంగ్‌హువాలీ అనే పసుపు కట్టెను మాత్రం చాలావరకు నున్నగా వదిలేశారు. దాని చారలో ముడులు చిన్న చిన్న ముఖాల్లా కనబడతాయట, 'దయ్యం ముఖాలు' అంటారు. అంత అందమైన చార మీద ఉలి పెట్టేవాడు మూర్ఖుడు. చెక్కించుకోవడానికి పుట్టింది ఒకటి, చూపించుకోవడానికి పుట్టింది ఒకటి. ఎక్కడ ఆగాలో పనివాడికి కట్టె చెబుతుంది. కనుక విలువను ఇటు అటు పంచడం కుదరదు.

సూక్ష్మదర్శిని:
వాదన మధ్యలో అడ్డొస్తున్నందుకు క్షమించండి. అసలు జిటాన్ అంతా మన ఎర్రచందనమేనని ఎవరు తేల్చారు?

ఈ రోజు చైనాలో అమ్మే కట్టె విషయంలో సందేహం లేదు. వాళ్ల 'హాంగ్‌ము' (ఎర్ర కట్టె అని అర్థం) జాతీయ ప్రమాణం 2000లో వచ్చింది. అందులో 33 జాతులను గుర్తించారు, 2017 సవరణలో అవి 29 అయ్యాయి. జిటాన్ విభాగంలో ఒకే ఒక్క జాతి ఉంది, టెరోకార్పస్ శాంటాలినస్, అంటే మన ఎర్రచందనం. కానీ పాత చైనా రచనలు జిటాన్ తమ దక్షిణ ప్రాంతాల నుంచీ ఆగ్నేయాసియా నుంచీ వస్తుందని రాశాయి. ఎర్రచందనం సహజంగా పెరిగేదేమో శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల చుట్టుపక్కలే. కొన్ని వందల ఏళ్ల పాటు జిటాన్ అన్నది కట్టె జాతి పేరు కాదు, రంగూ బరువూ చూసి వ్యాపారి పెట్టిన పేరు. కాబట్టి మ్యూజియం చీటీ మీద జిటాన్ అని ఉన్న ప్రతి వస్తువూ శేషాచలంలో పుట్టిందని ప్రమాణం చేయలేం. చేయాలంటే ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి, 400 ఏళ్ల కుర్చీని ఎవరు కోయనిస్తారు?

ఇంకో చిన్న మాట. చైనీయులు సంస్కృత 'చందన' శబ్దాన్ని 'ఝాన్‌తాన్' అని రాసుకున్నారు. జిటాన్‌లోని 'టాన్' అదే అక్షరం, 'జి' అంటే ఊదా. చెట్టు సంగతి ఎలా ఉన్నా, పేరులో సగం మన వైపు నుంచి వెళ్లినదే.

మోసాల సంగతి కూడా చెప్పాలి. మడగాస్కర్ నుంచి వచ్చే ఒక డల్బెర్జియా కట్టెను 'పెద్దాకుల జిటాన్' పేరుతో చాలాకాలం అంటగట్టారు. డల్బెర్జియా అంటే మన జిట్రేగి (రోజ్‌వుడ్) ప్రజాతి, ఎర్రచందనం ప్రజాతి కాదు. (మన ఏగిస మాత్రం ఎర్రచందనానికి దగ్గరి చుట్టం.) చెక్కబొమ్మ గారికి తెలిసే ఉంటుంది, ఎర్రచందనం పొట్టు నీళ్లలో వేస్తే రంగు అంతగా దిగదు, స్పిరిట్‌లో వేస్తే క్షణంలో ఎర్రబారుతుంది. శాంటాలిన్ అనే రంగు పదార్థం నీటికి లొంగదు, ఆల్కహాల్‌కు లొంగుతుంది.

చెక్కబొమ్మ:
తెలుసండీ. మా అమ్మ తెల్లచీర మీద పాలిష్ స్పిరిట్ ఒలికిన రోజు ఇంకా బాగా తెలిసింది.

నీలవేణి, విశాఖ:
అందరూ చైనా చుట్టూనే తిరుగుతున్నారు. మా ఊరి సంగతి ఒకటి చెప్పనివ్వండి. 18వ శతాబ్దంలో విశాఖపట్నంలో జిట్రేగి, నల్ల కట్టె (ఎబొనీ), టేకులతో కుర్చీలు, బీరువాలు, పెట్టెలు చేసి, వాటి మీద దంతపు రేకులు పొదిగేవారు. దంతం మీద పూలు, లతలు సన్నగా గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. కంపెనీ దొరలు వాటిని ఓడల్లో ఇంగ్లండుకు పట్టుకుపోయారు. ఇవాళ లండన్ మ్యూజియంలోనూ వేలం పాటల్లోనూ వాటిని ఏమని పిలుస్తారో తెలుసా? 'విజాగపటం' అని. ఊరి పేరుతో! కట్టె జిట్రేగా, టేకా అన్నది చీటీలో చివరి వరుసలో ఉంటుంది. కోడూరు రైతు గారూ, ఒకచోట వస్తువుకు కట్టె పేరు నిలిచింది, మరొకచోట ఊరి పేరు నిలిచింది. కట్టెకే విలువ అయితే మా వాళ్ల పెట్టెను 'జిట్రేగి పెట్టె' అనే పిలిచేవారు కదా?

కోడూరు రైతు:
అమ్మా, అక్కడ దంతం ఉంది. దంతం తీసేసి అమ్మి చూడండి.

నీలవేణి, విశాఖ:
దంతం ఆఫ్రికాలోనూ ఉందండీ. మరి 'విజాగపటం' అక్కడెందుకు పుట్టలేదు?

పాతసామాను:
నీలవేణి గారూ, నా వాదనకు నాకంటే మీరే బాగా బలమిచ్చారు. రైతు గారికి ఒక్క ఉదాహరణ చెబుతాను. చైనాలోని సుజౌ ప్రాంతంలో జూము అనే స్థానిక కట్టెతో చేసిన కుర్చీలు ఉన్నాయి. జిటాన్ కుర్చీకీ వాటికీ రూపంలో తేడా దాదాపు ఉండదు. కీళ్లు కూడా అవే. ఒక ముక్కకు కుసి (బెజ్జంలో దూరే నాలుక), రెండో ముక్కకు బెజ్జం, మూలలో 45 డిగ్రీల కోత. కుసి లోపలే దాక్కుంటుంది, బయటికి సన్నని గీత ఒక్కటే కనిపిస్తుంది. బల్ల పలకనైతే చట్రంలో బిగించరు, గాడిలో వదులుగా కూర్చోబెడతారు. వానాకాలంలో ఉబ్బినా, ఎండాకాలంలో కుంచించుకున్నా ఆ గాడిలోనే కదులుతుంది, చట్రం పగలదు. ఈ తెలివి కట్టెది కాదు. చవక కట్టెలోనూ అంతే పనిచేసింది.

సూక్ష్మదర్శిని:
పనిచేసింది, నిజమే. అయితే జూము కుర్చీ కాళ్ల మందం, జిటాన్ కుర్చీ కాళ్ల మందం పక్కపక్కన కొలిచి చూడండి. గట్టికట్టె రాకముందు అంత సన్నని కమ్మీ మీద ఒక మనిషి బరువు నిలపడం కష్టం. మింగ్ సామానులో మనం మెచ్చుకునే ఆ సన్నదనంలో కట్టె వాటా ఉంది. ఇక జిటాన్ మాను పెద్దదయ్యే కొద్దీ లోపల డొల్లపడుతుంది. 'పది జిటాన్ మానుల్లో తొమ్మిది డొల్ల' అని చైనాలో సామెతే ఉంది. వెడల్పు పలక దొరకదు. చిన్న చిన్న ముక్కలను జోడించక తప్పదు. కీళ్ల పని అంతగా పదునెక్కడానికి ఈ కొరత కూడా ఒక కారణమని నా అభిప్రాయం. చెక్కబొమ్మ గారు అన్నదానికి ఇది దగ్గరగా ఉంది.

కోడూరు రైతు:
చర్చ బాగానే ఉంది గానీ నాకు మనసులో ఒకటి మెలిపెడుతోంది. ఆ కుర్చీ పక్కన చీటీలో కట్టె పేరు రాశారు. కట్టె నరికినవాడి పేరు ఎవరైనా రాశారా? 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు, తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. అంతకు ముందు 2013లో అటవీ అధికారులనూ అదే కొండల్లో చంపారు. కట్టెకు విలువ లేకపోతే ఇంతమంది ఎందుకు పోతారు? పనితనమే విలువైతే తిరుపతిలో ఉలి పట్టుకున్నవాడి ఇంటికి బీజింగ్ వ్యాపారి రావాలి. రాడు. దుంగ కోసం వస్తాడు.

చట్టం వైపు చూస్తే, అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం రెండో జాబితాలో 1995 నుంచి మన చెట్టు ఉంది. ప్రైవేటు పొలాల్లో పెంచినదాన్ని ఎగుమతి చేసుకోవచ్చని కేంద్రం 2019లో అంది. 2023 నవంబరులో సైటీస్ స్థాయీ సంఘం మన దేశాన్ని ఎర్రచందనం వ్యాపార సమీక్ష నుంచి తప్పించింది. పేపర్లో చదివి మా ఊళ్లో పాయసం వండుకున్నారు. ఇప్పటికీ నా చెట్టు నా గట్టు మీదే ఉంది. కొట్టడానికో అనుమతి, తోలడానికో అనుమతి, అమ్మడానికో అనుమతి. ఈలోగా రాత్రిపూట కాపలా కాసేది మా తమ్ముడు.

పాతసామాను:
మీరు చెప్పిన చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు, రైతు గారూ. కూలీ పేరు చీటీ మీద లేదన్నది నిజం. ఆ మాటకొస్తే వడ్రంగి పేరు కూడా లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. దుంగకు బజారు పెట్టే ధర వేరు, కుర్చీకి నేను పెట్టే విలువ వేరు. రెంటినీ కలిపి ప్రశ్న అడగడం నా పొరపాటే. అయినా హైనాన్‌లో పాత ఇళ్ల దూలాలను, పొలం పనిముట్లను కూడా హువాంగ్‌హువాలీ కోసం కొనుక్కుపోయి పూసలుగా కోశారని విన్నప్పుడు బాధేసింది. మంచి దూలం ఒకటి పోయి చేతికి దండ ఒకటి వచ్చింది. దాన్ని విలువ అనడానికి నాకు నోరు రాదు.

చెక్కబొమ్మ:
నేను రాత్రి ఒక పని చేశాను. మా ఇంట్లో తాత చేసిన చిన్న పీటలు రెండున్నాయి. ఒకటి ఏగిసది, ఒకటి ఎర్రచందనంది. రెండూ ఒకే కొలత, ఒకే కీలు. తిరగేసి లైటు పెట్టి చూశాను. ఏగిస పీటలో ఒక కుసి దగ్గర పట్టీ వేసి సర్దిన గుర్తుంది, సందులో గోరు పడుతుంది. ఎర్రదాంట్లో కీలు ఎక్కడుందో కనుక్కోవడానికే కాసేపు పట్టింది. తాత చేయి ఒకటే. కానీ ఏగిస పీట మీద మా అమ్మ రోజూ కూర్చుని కూరలు తరుగుతుంది. ఎర్రదాని మీద ఎవరూ కూర్చోలేదు, పెళ్లిళ్లకు వచ్చినవారికి చూపించి మళ్లీ బీరువాలో పెడతాం. మరి సందు పడటంలో తప్పెవరిదో మీరే చెప్పండి.

కోడూరు రైతు:
అది తర్వాత. ఎర్ర పీటకు పర్మిట్ కాగితం ఉందా?

చెక్కబొమ్మ:
ఉందండీ. తాత రసీదును పీట అడుగున అతికించి, మీద వార్నిష్ కొట్టారు.