పాత ఎక్స్‌పీ పెట్టెలో మ్యాపర్ ఉంచాలా, పీకేయాలా?

పర్లాకిమిడి_పెట్టె:
వసారాలో ప్లైవుడ్‌తో చేయించిన ఆర్కేడ్ పెట్టె ఉంది. లోపల పాత పీసీ, 512 ఎంబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. రెండు జాయ్‌స్టిక్కులు, వాటికి ఒకే రకం యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డులు (కర్ర, బటన్ల కదలికని పీసీకి చేరవేసేవి) రెండు. కర్ర కదిపితే కీబోర్డు కీ నొక్కినట్టు చూపించే చిన్న ప్రోగ్రామ్, అదే మ్యాపర్, వెనకాల నడుస్తుంది. ఆటలు మేమ్‌లో, అంటే పాత ఆర్కేడ్ ఆటల్ని పీసీలో ఆడించే ప్రోగ్రామ్‌లో. మొన్న తుఫానుకి కరెంటు పోయి వచ్చాక ఎడమ కర్ర తిప్పితే రెండు బొమ్మలూ కదులుతున్నాయి! సంక్రాంతికి పాతపట్నం నుంచి మేనల్లుళ్లు దిగుతారు, అదీ టెన్షన్. మ్యాపర్ని బాగుచేసుకోనా, తీసేసి కీబోర్డు ఎన్‌కోడర్ కొననా?

బరంపురం_సోల్డర్:
పీకి పారెయ్ గురూ. కీబోర్డు ఎన్‌కోడర్‌ని కంప్యూటర్ మామూలు కీబోర్డే అనుకుంటుంది. డ్రైవర్ గొడవ లేదు, మ్యాపర్ లేదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌తోనే సపోర్ట్ ఆగిపోయింది, దాని మీద ఇంకా ప్రోగ్రాములు ఎక్కించి కుస్తీ ఎందుకు?

గునుపురం_చిన్నోడు:
కొనడం కూడా ఎందుకు? పాత కీబోర్డు విప్పి, లోపలి బోర్డుకి వైర్లు అతికిస్తే సరి. ఖర్చు సున్నా.

బరంపురం_సోల్డర్:
తమ్ముడూ, ఆ పని నేనూ చేశాను. ఒక్కడే ఆడితే బాగానే ఉంటుంది. ఇద్దరూ కలిసి మూడు నాలుగు బటన్లు నొక్కారంటే కొన్ని పడవు, కొన్ని నొక్కకుండానే పడతాయి. మామూలు కీబోర్డులో కీలన్నీ అడ్డం నిలువు గళ్లలో కలిసి ఉంటాయి కదా, మూడు మూలలు నొక్కితే నాలుగోది కూడా నొక్కినట్టే దానికి కనిపిస్తుంది.

రాయగడ_పాతసామాన్లు:
కొనే ముందు ఒక్క నిమిషం. మ్యాపర్ తప్పని ఎవరు తేల్చారు? మేమ్ తనంతట తానే జాయ్‌స్టిక్ చదవగలదు. మేమ్ డాట్ ఐఎన్‌ఐ అనే దాని సెట్టింగుల ఫైల్లో జాయ్‌స్టిక్ పక్కన 1 ఉందేమో చూడండి. ఉంటే ఒకే కర్రని ఇద్దరు చదువుతున్నారన్న మాట: మేమ్ నేరుగా, మ్యాపర్ కీల ద్వారా. ఇన్నాళ్లూ ఇద్దరి లెక్కా ఒకటే కాబట్టి తెలియలేదు. బోర్డులు రెండిటికీ పేరు ఒకటే, రీస్టార్ట్‌లో వరస తారుమారై ఉంటుంది. ఇప్పుడు మీ ఎడమ కర్ర మేమ్‌కి మొదటిది, మ్యాపర్‌కి రెండోది.

రన్‌లో జాయ్ డాట్ సీపీఎల్ అని కొట్టి, ఎడమ కర్ర తిప్పుతూ ఏ బోర్డు పేరు కింద గుర్తు కదులుతోందో చూడండి. కదలకపోతే సాఫ్ట్‌వేర్ జోలికే పోవద్దు, వైరు చూసుకోండి. మా పెట్టెలో ఒకసారి కర్ర కింది మైక్రోస్విచ్‌లో చీమలు చేరాయి. టిక్ మని చప్పుడు వచ్చేది, సిగ్నల్ వచ్చేది కాదు. రెండు రోజులు సెట్టింగులు తిరగేశాను, సిగ్గుచేటు.

సిరొంచ_గోదారి:
విండోస్ 7కి మారితే ఇంకో తంటా. మేమ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మ్యాపర్ని మామూలుగా తెరిస్తే కీలు అందవు. విస్టా నుంచి అదే పద్ధతి: తక్కువ హక్కులున్న ప్రోగ్రామ్, ఎక్కువ హక్కులున్నదానికి కీలు పంపలేదు. నేను దీనికే ఒక ఆదివారం పోగొట్టుకున్నా.

పర్లాకిమిడి_పెట్టె:
రాయగడ గురువుగారు చెప్పిందే. ఫైల్లో 1 ఉంది. 0 చేస్తే రెండు బొమ్మలు కదలడం ఆగింది, కానీ ఎడమ కర్ర కుడి బొమ్మని ఆడిస్తోంది. బోర్డుల యూఎస్‌బీ వైర్లు అటూ ఇటూ మార్చి పెడితే సరిపోయింది. మ్యాపర్ ఉంచుతున్నాను, పాత డాస్ ఆటలు కొన్ని కీబోర్డునే అడుగుతాయి.

బరంపురం_సోల్డర్:
సరే, ఇప్పటికి నడిచింది. వచ్చే తుఫానుకి మళ్లీ వరస మారితే? నా మాట మారదు, ఎన్‌కోడరే.

రాయగడ_పాతసామాన్లు:
మారితే వైర్లు మార్చడానికి అర నిమిషం. వైర్ల మీద ఎరుపు, నీలం టేపు చుట్టి, ఏ రంగు ఏ సాకెట్టో పెట్టె తలుపు లోపల రాసి అంటించండి. మేనల్లుళ్లే మార్చేస్తారు.