1924 అమెరికా వలస చట్టం వెనుక ఉన్నది కూలి గురించిన భయమేనా?

ప్రశ్న:
ఏ దేశం నుంచి ఏటా ఎంతమంది వలస రావచ్చో వాటాలు పెడుతూ 1924లో అమెరికా చేసిన జాన్సన్-రీడ్ చట్టానికి, వలస కూలీల వల్ల స్థానికుల కూలి పడిపోతుందన్న భయమే మూలమని కొందరు, జాతి ద్వేషమే మూలమని మరికొందరు రాస్తున్నారు. హెచ్-1బీ గురించి మన ఇళ్ళలో మాటలు వచ్చినప్పుడల్లా ఉద్యోగాల వాదనే వినబడుతుంది కనుక అడుగుతున్నాను. ఏది సరైనది?

జవాబు 1:
కూలి గురించిన భయం ఉత్తుత్తిది కాదు. 1907 సెప్టెంబరు 4న వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో తెల్లవారి గుంపు ఒకటి, తమ కూలి పడిపోతుందన్న కోపంతో, కలప మిల్లుల్లో పనిచేసే భారతీయులను (ఎక్కువమంది పంజాబీ సిక్కులే) రాత్రివేళ బసల్లోంచి ఈడ్చి కొట్టింది. రక్షణ పేరుతో పోలీసులు చాలామందిని సిటీ హాలు నేలమాళిగలో ఉంచగా, కొద్ది రోజుల్లోనే వారంతా ఊరు వదిలిపోయారు. ఎవరికీ శిక్ష పడలేదు. తక్కువ కూలి ఇచ్చింది మిల్లు యజమానులు, దెబ్బలు తిన్నది కూలీలు.

జవాబు 2:
భయం ఉన్నమాట నిజమే కాని, చట్టంలోని లెక్క వేరే సంగతి చెబుతుంది. దీనికి ముందున్న 1921 వలస చట్టం, 1910 జనాభా లెక్కల్లో అమెరికాలో ఉన్న ఒక్కొక్క దేశం వారి సంఖ్యలో 3 శాతం మందిని ఏటా రానిచ్చింది. 1924 చట్టం దాన్ని 2 శాతానికి తగ్గించడమే కాక, 1920 లెక్కలు చేతిలో ఉండగా పనిగట్టుకుని 1890 లెక్కలను ఆధారం చేసుకుంది. ఎందుకంటే ఇటలీ, పోలండ్, రష్యాల నుంచి జనం పెద్దఎత్తున వచ్చింది ఆ తర్వాతే. దాంతో సుమారు 42 వేలున్న ఇటలీ వాటా 3,845కు పడిపోయింది. భారతీయ కూలీలకు అంతకు ముందే 1917 వలస చట్టం తలుపు మూసింది; 1923లో, అమెరికా పౌరసత్వం కోరిన పంజాబీ సిక్కు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవారు కారని, పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అదే 1924 చట్టం మెక్సికోకు మాత్రం ఏ వాటా పరిమితీ పెట్టలేదు, ఎందుకంటే నైరుతి రాష్ట్రాల భూస్వాములకు ఆ కూలీలు కావాలి. కూలి రేట్లే అసలు బాధ అయితే ఈ మినహాయింపు ఎలా వచ్చింది?

జవాబు 3:
లండన్‌లో పుట్టి వలస వచ్చిన కార్మిక నాయకుడు శామ్యూల్ గోంపర్స్ కూడా ఆంక్షలనే సమర్థించారు కనుక, రెండు కారణాలూ కలిసే పనిచేశాయని నా అభిప్రాయం. దేశాల వారీ వాటాలు 1965లో రద్దయ్యాయి. అయినా ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏటా సాధారణంగా 7 శాతానికి మించి దక్కకూడదన్న నియమం ఇప్పుడు ఉంది. మనవాళ్ళు ఏళ్ళ తరబడి క్యూలో ఉండిపోవడానికి ముఖ్య కారణం అదే.