క్యాంప్‌సైట్‌లో రాత్రి ఆన్‌కాల్: మంచం మీదున్న గంటలకు జీతం అడగడం న్యాయమా, అత్యాశా?

గోదారి_గట్టు:
యూకేలో హాలిడే పార్కుల్లో పనిచేసిన మనవాళ్లుంటే మీ మాట కావాలి. నేను వేల్స్‌లో, పెంబ్రోక్‌షైర్ తీరాన ఒక క్యాంప్‌సైట్‌లో నైట్ వార్డెన్‌ని. మార్చి నుంచి అక్టోబరు దాకా సీజన్. టెంట్లు, కారవాన్లు, క్యాంపర్‌వ్యాన్లు అన్నీ కలిపి 60 పిచ్‌లు, అంటే అవి నిలిపే జాగాలు.

ఒప్పందం ఇది. సాయంత్రం 6 నుంచి రాత్రి 11 దాకా డ్యూటీ, గంటకింత అని జీతం. 11 నుంచి పొద్దున 7 దాకా ఆన్‌కాల్. రిసెప్షన్ వెనక చిన్న గది, అందులో మంచం, తల దగ్గర సైటు ఫోను. ఫోన్ మోగితే లేచి వెళ్లాలి. వెళ్లినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా మాత్రమే డబ్బులు. ఆ ఎనిమిది గంటలూ గేటు దాటకూడదు, బీరు చుక్క ముట్టకూడదు, గదికి ఎవరినీ పిలుచుకోకూడదు.

నన్ను అక్కడ కట్టేసి ఉంచిన ప్రతి గంటా వాళ్ల గంటే, నాది కాదు. ఎనిమిది గంటలకూ కనీస వేతనమైనా ఇవ్వాలని అడిగాను. మేనేజరు గారు "నిద్రపోయినందుకు కూడా డబ్బులా?" అన్నారు. మీరైతే ఏమంటారు?

డెవాన్_తెలుగు:
తమ్ముడూ, నేనూ ఇక్కడ ఒక కుటుంబం నడిపే చిన్న సైటుకు మేనేజర్‌ని. అవతలి పక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు.

ముందు చట్టం. 2021 మార్చిలో ఇక్కడి సుప్రీంకోర్టు మెన్‌క్యాప్ అనే సేవాసంస్థ కేసులో తేల్చేసింది. కేర్ వర్కర్లు రాత్రి పని చోటే పడుకునే డ్యూటీ అది. పడుకోమని ఏర్పాటు చేసినప్పుడు, పని కోసం లేచిన సమయానికే కనీస వేతనం లెక్క కడతారని తీర్పు. నీ కాంట్రాక్టు దాన్ని చూసి రాసినట్టే ఉంది.

తర్వాత డబ్బు. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లకు కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. ఆ లెక్కన ఎనిమిది గంటలకు 97.68. దాని మీద యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్, సెలవు జీతం కలిపితే రాత్రికి 120 దాకా పోతుంది. ఆగస్టులో సైటు నిండి ఉంటే పిచ్‌కి రెండు పౌండ్లు, ఎవరూ కాదనరు. మే నెలలో ఒక మంగళవారం రాత్రి పది టెంట్లుంటే పిచ్‌కి 12 పౌండ్లు. ఆ రాత్రి ఫోన్ మోగదు, నువ్వు హాయిగా పడుకుంటావు. ఆ డబ్బు ఎవరివ్వాలి? ఇవ్వలేక చిన్న సైట్లు మూతపడితే నీ ఉద్యోగమూ ఉండదు, నాదీ ఉండదు.

ఓరుగల్లు_పోరడు:
అన్నా, గట్లంటె ఎట్ల? నేను మాంచెస్టర్ల ఒక హోటల్ల నైట్ పోర్టర్‌గ చేసిన. మాకు మంచం లేదు. రాత్రంత మెలకువనే, రాత్రంతకు జీతమే. ఎవ్వలు లొల్లి పెట్టలే. గీడ మాత్రం మంచం ఏసి జీతం కోసిన్రు. ఆ మంచం మనిషి సుఖానికి ఏసిన్రా, పైసల్ మిగులుడుకు ఏసిన్రా?

ఫోన్ ఎప్పుడు మోగుతదో అని చెవి అటే పెట్టి పండుకునుడు నిద్ర ఎట్లయితది? మా ఇంట్ల చంటిపోరి ఉన్నది, మా ఇంటామెను అడుగు, రాత్రి నిద్రపోయిన్నని అంటదేమో. చట్టం ఒప్పుకున్నదని న్యాయమైపోదు. మే నెల మంగళవారం పైసల్ లెవ్వంటె సైటు బంద్ పెట్టుకోవాలె, మనిషిని ఊకె కూసోబెట్టుడు కాదు.

పేరోల్_అక్క:
ఇక్కడ రెండు చట్టాలు కలగాపులగం అవుతున్నాయి. జీతం చట్టం వేరు, పనిగంటల చట్టం వేరు. పదేళ్లుగా పేరోల్‌లో ఉన్నాను, ఈ గొడవ ప్రతి సీజన్‌లోనూ చూస్తాను.

జీతం సంగతి 2015 నాటి కనీస వేతన నిబంధనల్లో 32వ దానిలో ఉంది. పని చోటగానీ, దగ్గర్లోగానీ అందుబాటులో ఉండాల్సిన సమయాన్ని పనిగా లెక్కిస్తారు. కానీ పడుకోవడానికి సరైన వసతి ఇచ్చి, పడుకోవచ్చని ఒప్పందం ఉంటే, పని కోసం మెలకువగా ఉన్న సమయమే లెక్క. కాబట్టి జీతం విషయంలో డెవాన్ గారి మాట సరైనదే.

పనిగంటల దగ్గర బొమ్మ తిరగబడుతుంది. జర్మనీలో కీల్ నగరపు ఆసుపత్రి డాక్టర్ ఒకరి కేసులో, యేగర్ కేసు అంటారు, 2003లో యూరోపియన్ కోర్టు ఒక మాట చెప్పింది. ఆసుపత్రిలోనే గది ఇచ్చి పడుకోనిచ్చినా, అక్కడే ఉండి తీరాలి కాబట్టి ఆ రాత్రంతా పనిసమయమే. ఇక్కడి 1998 వర్కింగ్ టైమ్ నిబంధనలను చదవడంలోనూ ఆ తీర్పుదే దారి. అంటే గోదారి_గట్టు గారి ఎనిమిది గంటలు జీతానికి పని కాదు గానీ, విశ్రాంతి లెక్కకు మాత్రం పనే.

ఇప్పుడు కూడి చూడండి. సాయంత్రం 6 నుంచి పొద్దున 7 అంటే 13 గంటలు. రెండు పనిదినాల మధ్య 11 గంటల విశ్రాంతి ఉండాలి. మిగిలేది సరిగ్గా 11. పొద్దున హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) అరగంట సాగిందంటే అది తగ్గిపోయినట్టే. వారానికి ఐదు రాత్రులు చేస్తే 65 గంటలు. సగటున 48 దాటకూడదు, దాటడానికి మీరు రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటే తప్ప. ఒప్పుకున్నారా లేదా, మీ కాగితాలు ఒకసారి తీసి చూడండి.

ఇంకొకటి, మీ పనికి బాగా దగ్గరిది. కారవాన్ పార్కులో వార్డెన్లుగా చేసిన భార్యాభర్తల కేసు 2019లో ఉద్యోగ తగాదాల అప్పీళ్లు వినే ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. షిఫ్ట్ అయ్యాక రాత్రి 10 దాకా ఆలస్యంగా వచ్చే అతిథుల కోసం కాచుకుని ఉన్న సమయాన్నీ, 10 తర్వాత పడుకునే సమయాన్నీ ఒకే గాటన కట్టకూడదన్నది అందులో కీలకమైన మాట. అందుకే ఎనిమిదింటికీ అడగకండి. మిమ్మల్ని నిజంగా పడుకోనివ్వని గంటలేవో తేల్చి, వాటికి అడగండి.

గోదారి_గట్టు:
అక్కా, చాలా థాంక్స్. ఆ 11 గంటల లెక్క నాకెవరూ చెప్పలేదు.

మీరు అడిగిన 'పడుకోనివ్వని గంటలు' గురించే చెప్తాను, ఎందుకంటే నా గొడవంతా అక్కడే ఉంది. ఫోన్లు వస్తాయి. ఎక్కువగా కరెంటు గురించి. పిచ్‌కి 10 ఆంప్‌ల హుకప్ (కరెంటు కనెక్షన్) ఉంటే దాని మీద హీటరు పెట్టి, మూడు కిలోవాట్ల కెటిల్ కూడా వేస్తారు, ట్రిప్ అవుతుంది. పక్క టెంట్లో తాగి పాడుతున్నారని ఇంకొకరు. సముద్రపు గాలికి ఆనింగ్ (ముందరి గుడ్డ పందిరి) ఎగిరిపోతోందని మరొకరు. వీటికి లేస్తాను, రాసుకుంటాను, డబ్బులొస్తాయి. వీటితో నాకు పేచీ లేదు.

జూన్‌లో ఒక రాత్రి వాన పట్టింది. పన్నెండు దాటాక ఎవరూ పిలవకపోయినా ఒక రౌండ్ వేశాను. ఒక ఫ్యామిలీ టెంట్ ముందరి పోర్చ్ జిప్ సగం తెరిచి ఉంది. టార్చి వేస్తే లోపల డిస్పోజబుల్ బార్బెక్యూ ట్రే, అంటే ఒకసారి వాడి పారేసే బొగ్గుల ట్రే, కనిపించింది. వాన మొదలవగానే లోపలికి లాక్కున్నారు, వెచ్చగా ఉందని అక్కడే వదిలేసి పడుకున్నారు. లేపాను. ఆ తల్లికి తల పగిలిపోతోంది, చిన్నవాడు వాంతి చేసుకున్నాడు. అందర్నీ బయటకు తెచ్చి ఇక్కడి అత్యవసర నంబరు 999కి చేశాను. దేవుడి దయ, అందరూ బాగానే ఉన్నారు.

మర్నాడు టైమ్‌షీట్‌లో ఆ రౌండ్ కొట్టేశారు. "ఎవరూ పిలవలేదు కదా, రౌండ్ నీ ఇష్టంతో వేశావు, 999కి చేసినప్పటి నుంచి రాసుకో" అన్నారు.

నాకు మంటెత్తింది అందుకే. బొగ్గు కాలితే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. బొగ్గు చల్లారినట్టు కనిపించినా గంటల తరబడి వస్తూనే ఉంటుంది. అది పీల్చినవాడు ఫోన్ చేయడు, నిద్రలోంచి లేవడు. ఆన్‌కాల్ అంటే ఎవరో పిలిస్తే వెళ్లడం. పిలవలేని మనిషి దగ్గరికి ఎవరు వెళ్లాలి? నా జీతం మాట పక్కన పెట్టండి, రాత్రి కాపలా అన్నదాన్ని ఫోన్‌కి కట్టేయడమే తప్పు అంటున్నాను.

డెవాన్_తెలుగు:
ఆ రౌండ్ కొట్టేయడం మీ మేనేజరు చేసిన అన్యాయం. అందులో నాకు రెండో మాట లేదు. పని కోసం లేచావు, పని చేశావు. ఆ 32వ నిబంధన ప్రకారమే అది జీతం గంట. రాతలో అడుగు.

కానీ దానికి మందు రాత్రంతా మెలకువేనా? మా దగ్గర చెక్-ఇన్ అప్పుడే చెప్తాం: బార్బెక్యూ టెంట్లోకి గానీ, ఆనింగ్ కిందికి గానీ తేవద్దు, ఆరిపోయినా తేవద్దు. కారవాన్లకూ టెంట్లకూ పనికొచ్చే కార్బన్ మోనాక్సైడ్ అలారాలు రిసెప్షన్‌లోనే అమ్ముతాం. ఈఎన్ 50291-2 అని ముద్ర ఉన్నవే తెస్తాం. అలారం రాత్రంతా మేలుకునే ఉంటుంది. మనిషి ఒక రౌండ్‌కీ ఇంకో రౌండ్‌కీ మధ్య గంట గ్యాప్ ఇస్తాడు, ఆ గంటలో జరగాల్సింది జరగొచ్చు.

ఓరుగల్లు_పోరడు:
అలారం అమ్ముతున్నరు, కొననోళ్ల సంగతేంది? గా తల్లికి గుడ మీ అసొంటోళ్లు ఎవరో చెక్-ఇన్ల చెప్పే ఉంటరు. వాన పడంగ చలిల పిల్లలు వణుకుతుంటె చెప్పిన ముచ్చట యాదికుంటదా? అలారం ఉండాలె, మనిషి గుడ ఉండాలె.

సీమ_నర్సు:
నేను ఆసుపత్రిలో నైట్స్ చేస్తాండా. ఒక మాట ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తాండా. రాత్రిపని శరీరానికి ఊరికే పోదు. 2007లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందుండే క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ, పగలూ రాత్రీ తారుమారు చేసే షిఫ్టు పనిని 'బహుశా క్యాన్సర్ కారకం' అనే వర్గంలో పెట్టింది. 2019లో మళ్లీ పరిశీలించి అదే వర్గంలో ఉంచింది. దీనర్థం రాత్రి పని చేసినోళ్లందరికీ వస్తుందని కాదు, భయపడాకండి. కానీ తేలిగ్గా తీసుకునేదీ కాదు.

ఇక్కడ రాత్రి 11 నుంచి పొద్దున 6 మధ్యలో మామూలుగా మూడు గంటలైనా పనిచేసేవాళ్లు నైట్ వర్కర్ల కిందికొస్తారు. పనిలో పెట్టకముందే ఉచితంగా ఆరోగ్య పరీక్ష ఇవ్వజూపాల, తర్వాత కూడా అప్పుడప్పుడు చేయాల. గోదారి అన్నా, నిన్ను ఎప్పుడన్నా అడిగినారా? ఇంకోటి, ఒంటరిగా చీకట్లో తాగినోళ్ల గుంపు దగ్గరికి పోతాండావు. రేడియోలో అవతల ఎవరుండారు? ఆన్‌కాల్‌లో నువ్వు ఒక్కడివే అయితే నీకు ఏమన్నా అయితే పిలిచేది ఎవర్ని?

గోదారి_గట్టు:
అడగలేదు అక్కా. రేడియో ఉంది గానీ పదకొండు తర్వాత అవతల ఎవరూ ఉండరు. మేనేజరు గారి ఇల్లు ఇరవై నిమిషాల దూరం.

లెస్టర్_విద్యార్థి:
అన్నా, మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నేను ఎమ్మెస్సీ చేస్తున్నాను. జులై, ఆగస్టుల్లో ఇలాంటి పని ఒకటి దొరికింది, ఉండటానికి చోటు కూడా ఇస్తామన్నారు. ఆన్‌కాల్ గంటలకు జీతం లేదు కాబట్టి అవి స్టూడెంట్ వీసా మీద వారానికి చేయగలిగే 20 గంటల లెక్కలోకి రావని ఏజెంట్ చెప్పాడు. చేరొచ్చా?

పేరోల్_అక్క:
బాబూ, ఆగు. రెండు ప్రమాదాలున్నాయి.

ఒకటి, బ్యాచిలర్స్ వాళ్లకు వేసవి సెలవు ఉంటుంది, అప్పుడు ఫుల్ టైమ్ చేయొచ్చు. ఏడాది మాస్టర్స్ వాళ్లకు వేసవి అంటే డిసర్టేషన్ సమయం, సాధారణంగా అది సెలవు కిందికి రాదు. కాబట్టి ఆగస్టులోనూ నీకు వారానికి 20 గంటలే. ఆ వారం సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో నీ కోర్సు తేదీలు రాతలో తీసుకో.

రెండు, జీతం లేదని అది పని కాదని నీకు ఎవరు హామీ ఇస్తారు? యేగర్ కేసు పైన రాశాను. నేనైతే సైటు మీద ఉండాల్సిన ప్రతి గంటనూ ఆ 20లో కలిపి చూసుకుంటాను. 13 గంటల రాత్రులు రెండు చేస్తే 26. వీసా పోయాక ఏజెంట్ ఫోన్ ఎత్తడు.

ఉండటానికి చోటు అన్నారు కదా, దానికి కనీస వేతనంలోంచి ఎంత పడితే అంత కోసుకోవడానికి లేదు. 2025 ఏప్రిల్‌లో పెట్టిన గరిష్ఠం రోజుకు 10.66 పౌండ్లు.

టెంట్_కుటుంబం:
మేము పని చేసేవాళ్లం కాదు, ప్రతి వేసవీ పిల్లలతో లేక్ డిస్ట్రిక్ట్‌కి టెంట్ వేసుకోవడానికి పోయేవాళ్లం. మీ చర్చ చదివాక ఒకటి అడగాలనిపించింది. మేం బుక్ చేసేటప్పుడు చాలా వెబ్‌సైట్లలో '24 గంటల వార్డెన్' అని ఉంటుంది. మేము దాన్ని నమ్ముతాం. రాత్రి ఎవరో ఒకరు తిరుగుతున్నారనే ధైర్యంతోనే పిల్లల్ని టెంట్లో పక్క పాడ్‌లో (పడక అరలో) పడుకోబెడతాం. ఆ మనిషి గదిలో నిద్రపోతున్నాడనీ, లేచి తిరిగితే అతని డబ్బులు కోస్తారనీ మాకెవరూ చెప్పలేదు. రెండు పౌండ్లు కాదు, అయిదు పెంచినా ఇస్తాం. కానీ మెలకువగా ఉన్నాడా లేదా అన్నది బుకింగ్ దగ్గర స్పష్టంగా రాయండి.

డెవాన్_తెలుగు:
అది న్యాయమైన మాట. మా సైటులో ఇవాళే మారుస్తాను: 'రాత్రి 11 తర్వాత అత్యవసరానికి ఫోన్' అని. 24 గంటల వార్డెన్ అని రాసి మంచం వేయడం అతిథినీ మోసం చేయడమే, వార్డెన్‌నీ మోసం చేయడమే.

గోదారి_గట్టు:
అందరి మాటలూ విన్నాక నేను రాసి ఇవ్వబోయేది ఇది. జులై చివర బడి సెలవులు మొదలైనప్పటి నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా, అలాగే బ్యాంక్ హాలిడే వారాంతాల్లోనూ రాత్రంతా మెలకువ షిఫ్టు, మొత్తం జీతం, మంచం అక్కర్లేదు. మిగతా రాత్రులు ఆన్‌కాలే, కానీ అర్ధరాత్రి ఒకటి, తెల్లవారుజామున ఒకటి రౌండ్లు డ్యూటీలో భాగమని రాయాలి, జీతం ఇవ్వాలి. ఎప్పుడు లేపినా కనీసం గంట లెక్క. కొట్టేసిన ఆ జూన్ రౌండ్ డబ్బులు కూడా. ఇవ్వకపోతే ఉద్యోగ తగాదాల్లో రాజీ కుదిర్చే ఏకాస్‌కి వెళ్తాను.

పేరోల్_అక్క:
బాగుంది. రాతలోనే ఇవ్వండి, కాపీ ఉంచుకోండి. ఆలస్యం చేయకండి, ట్రిబ్యునల్‌కి గడువు మూడు నెలలకు ఒక రోజు తక్కువ. కనీస వేతనం బకాయిల మీద ప్రభుత్వానికి విడిగా ఫిర్యాదు చేయొచ్చు.

డెవాన్_తెలుగు:
ఆగస్టు సంగతి ఒప్పుకున్నాను తమ్ముడూ, మా యజమానితోనూ మాట్లాడతాను. మే, జూన్ రాత్రులకు రెండు రౌండ్లు మాత్రం దండగే అంటాను. పది టెంట్లకు ఏం కాపలా?

గోదారి_గట్టు:
అన్నా, ఆగస్టులో వెచ్చగా ఉంటుంది, బొగ్గులు బయటే వదిలేస్తారు. మే నెలలో తెల్లవారుజాము చలి మీకు తెలియనిదా? ట్రే లోపలికి లాక్కునేది అప్పుడే. పది టెంట్లున్న రాత్రే పక్క టెంట్లో ఇంకో మనిషి కూడా ఉండడు చూడటానికి.