యువజన కార్యక్రమాల మూల్యాంకనాన్ని యువతీయువకులకే అప్పగించవచ్చునా?

సమీక్షకురాలు (చర్చ ప్రారంభం):
కౌమారదశలోని వారి కోసం నడుస్తున్న ఒక కార్యక్రమం 3 సంవత్సరాల పనితీరును మదింపు చేసే బృందంలో నేను పనిచేస్తున్నాను. అందులో పాల్గొంటున్న 15 నుంచి 18 ఏళ్ల వారిలో 12 మందిని పరిశోధకులుగా తీసుకోవాలని, ప్రశ్నావళి తయారీ మొదలుకొని ఇంటర్వ్యూలు, జవాబుల వర్గీకరణ, నివేదిక రచన వరకు వారే చేయాలని, మేము పక్కన ఉండి నేర్పాలని ఒక ప్రతిపాదన వచ్చింది. దానిపై మా బృందం రెండుగా చీలిపోయింది. అటువంటి మూల్యాంకనం నమ్మదగినదేనా? అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పగలరు.

కొలబద్ద:
నమ్మదగినది కాదని నా అభిప్రాయం. నా అభ్యంతరం వారి వయసు గురించి కాదు, వారి స్థానం గురించి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే ధోరణి పెద్దలనే వదలనప్పుడు, ఆ కార్యక్రమంపై మమకారమో కోపమో పెంచుకున్న పిల్లలను వదులుతుందా? పైగా వారు ప్రశ్నించేది తమ స్నేహితులనే. ఒకరి ద్వారా మరొకరిని పట్టుకుంటూ పోతే ప్రశ్నించడానికి ఎంచుకున్న నమూనాలో ఒకే తీరు మనుషులు పోగవుతారు. రోజూ కనిపించేవాడు ఎదుట కూర్చుని అడిగితే, జవాబు చెప్పేవాడు అతనికి నచ్చేదే చెబుతాడు.

ఎర్రసిరా:
కొలబద్ద గారి చివరి మాట సగమే నిజం. కాగితాలు పట్టుకుని వచ్చిన అపరిచితుడైన పెద్దమనిషి అడిగినా జవాబు ఆయనకు నచ్చేలాగే వస్తుంది; పక్షపాతం దిశ మారుతుందే తప్ప మాయం కాదు.

నమూనా గురించి మాత్రం నా అనుభవం మీరు చెప్పినదానికి విరుద్ధంగా ఉంది. నేను పనిచేసిన ఒక మూల్యాంకనంలో మేము హాజరు పట్టికను ముందు పెట్టుకుని, అందులోని పేర్ల నుంచి లాటరీ పద్ధతిలో కొందరిని ఎంచి, 'ఈ కార్యక్రమం మీకు ఎంతవరకు ఉపయోగపడింది?' అన్న ప్రశ్నకు ఐదు మెట్ల కొలమానం తయారుచేసుకుని, అంతా శాస్త్రీయంగానే ఉందని సంతోషించాము. యువ పరిశోధకుల శిక్షణ రెండవ రోజున వారిలో 17 ఏళ్ల అమ్మాయి ఒకతె, "రావడం మానేసినవాళ్లను ఎవరు అడుగుతారు?" అని అడిగింది. ఆ పట్టికలో ఉన్నవారందరూ కార్యక్రమం నచ్చి మిగిలిపోయినవారే అన్న సంగతి, డిగ్రీలున్న మాలో ఒక్కరికీ తట్టలేదు. మానేసినవారు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో, ఏ వేళకు దొరుకుతారో ఆ పిల్లలకు మాత్రమే తెలుసు. వారిని వెతికి మాట్లాడితే, కార్యక్రమంలోని సలహాదారుకు నమ్మి చెప్పిన విషయాలు ఇళ్లకు చేరుతున్నాయన్న భయమే ముఖ్య కారణంగా బయటపడింది. మా ప్రశ్నావళిలో ఆ మాటకు చోటే లేదు.

ఇది కొత్త వేలంవెర్రి కూడా కాదు. చర్యాత్మక పరిశోధన, అంటే మార్పు కోసం పనిచేస్తూనే ఆ పనిని పరిశోధించడం, అన్న మాటను మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1940లలోనే ప్రచారంలోకి తెచ్చారు. సమస్యను అనుభవిస్తున్నవారే దాన్ని పరిశోధించాలన్న వాదాన్ని కొలంబియా సామాజిక శాస్త్రవేత్త ఒర్లాండో ఫాల్స్ బోర్దా 1970లలో బలంగా ముందుకు తెచ్చారు.

వెలుగుబాట:
మీరిద్దరూ సమాచార నాణ్యత గురించే మాట్లాడుతున్నారు. ఇంటర్వ్యూ మధ్యలో తోటి అమ్మాయి తనపై ఇంట్లో జరుగుతున్న హింసను బయటపెడితే, ఎదురుగా కూర్చున్న 16 ఏళ్ల పరిశోధకురాలు ఏమి చేయాలి? గోప్యత పాటిస్తానని ముందే మాట ఇచ్చి ఉంటుంది. ఆ బరువును ఆమె ఒంటరిగా ఇంటికి మోసుకుపోకూడదు. గోప్యతకు హద్దు ఎక్కడ ఉందో సమ్మతి పత్రంలోనే రాయాలి. ఇంటర్వ్యూలు జరిగినంతసేపు శిక్షణ పొందిన పెద్దవారు ఒకరు అందుబాటులో ఉండాలి. బంధువుల, సన్నిహిత మిత్రుల ఇంటర్వ్యూలను వేరొకరికి అప్పగించాలి. బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కును పిల్లలకు ఇచ్చింది. దాన్ని వివరిస్తూ ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2009లో వెలువరించిన వ్యాఖ్య ఆ భాగస్వామ్యం స్వచ్ఛందంగా, సురక్షితంగా, తగిన శిక్షణతో ఉండాలన్నది. చాలామంది హక్కును ఉదహరించి ఈ షరతులను మరచిపోతారు.

కొలబద్ద:
మానేసినవారి విషయంలో ఎర్రసిరా గారు చెప్పినది ఒప్పుకుంటున్నాను. అయితే అక్కడ పిల్లలు చేసినది దారి చూపడం. జవాబులకు అర్థం చెప్పే పని వేరు. అక్కడైనా పెద్దలు ఉండవద్దా?

ఎర్రసిరా:
ఉండవచ్చు, ఒంటరిగా కాదు. ఒకే ఇంటర్వ్యూ ప్రతిని పెద్దవారొకరు, యువ పరిశోధకుడొకరు విడివిడిగా వర్గీకరించి, తరువాత పోల్చి చూడండి. ఇద్దరి వర్గీకరణ ఎంతవరకు కలిసిందో కొలవడానికి జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా సూచిక ఉండనే ఉంది. సూచిక కన్నా విలువైనది, కలవని చోట జరిగే వాదన. 'పర్వాలేదు' అన్న జవాబును నేను తృప్తి కింద వేశాను. మా యువ పరిశోధకులు అది మర్యాదగా చెప్పిన 'బాగాలేదు' అన్నారు.

ఒకప్పటి పరిశోధకుడు:
నేను 16 ఏళ్ల వయసులో ఇటువంటి బృందంలో ఉన్నాను. మా శిక్షణ మంచిదే, మా సమాచారమూ మంచిదే. ఆడపిల్లలు చీకటి పడక ముందే ఇంటికి చేరేలా వేళలు మార్చాలన్నది మా ముఖ్యమైన సిఫారసు. అచ్చయిన నివేదిక అట్ట మీద మా ఫొటోలు ఉన్నాయి. లోపల ఆ సిఫారసు లేదు. ఎందుకు తీసేశారో చెప్పినవారు లేరు. మాతో మాట్లాడిన అమ్మాయిలు మమ్మల్ని అడిగితే మేము ముఖం చాటేయవలసి వచ్చింది. రోజర్ హార్ట్ 1992లో యూనిసెఫ్ కోసం రాసినప్పుడు పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపి, వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, నామమాత్రంగా చేర్చుకోవడం అనే అట్టడుగు మూడు మెట్లనూ భాగస్వామ్యం కిందే లెక్కించలేదు. ఆ నిచ్చెన గురించి మాకు మొదటి రోజునే పాఠం చెప్పారు, అది వేరే విషయం.

అందువల్ల సమీక్షకురాలు గారిని నేను అడిగేది ఒక్కటే. ఆ 12 మంది కనుగొన్నది నిర్వాహకులకు నచ్చకపోతే, దాన్ని తొలగించే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది?

సమీక్షకురాలు:
నిజం చెప్పాలంటే, మా ప్రతిపాదనలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. తుది ముసాయిదాను నిర్వాహకులు 'పరిశీలిస్తారు' అని మాత్రమే ఉంది.

కొలబద్ద:
అలా అయితే నా పాత అభ్యంతరాన్ని తిరగరాస్తాను. ఆ నివేదిక మీద నాకు నమ్మకం లేనిది పిల్లలు రాసినందుకు కాదు, నిర్వాహకులు దిద్దుతున్నందుకు. పెద్దలే రాసినా ఇదే మాట అంటాను.

వెలుగుబాట:
దానితోపాటు పారితోషికం కూడా తేల్చుకోండి. అదే పనికి మీ బృందంలోని పెద్దలకు జీతం, వారికి ప్రశంసాపత్రం అంటే నేను ఒప్పుకోను.

సమీక్షకురాలు:
రాబోయే సమావేశంలో రెండు సవరణలు పెడుతున్నాను. యువ పరిశోధకుల సిఫారసులలో ఏ ఒక్కదానినీ తొలగించకుండా, అంగీకరించని నిర్వాహకులు తమ కారణాన్ని దాని కిందనే లిఖితపూర్వకంగా ఇవ్వాలి. శిక్షణ రోజులతో సహా పనిచేసిన ప్రతి రోజుకూ వేతనం ఉండాలి. వెలుగుబాట గారు చెప్పిన సమ్మతి పత్రం తయారయ్యేవరకు ఇంటర్వ్యూలు మొదలుపెట్టము. మొదటి సవరణకు నిర్వాహకులు ఒప్పుకోకపోతే, ఆ 12 మందిని ఈ పనిలోకి పిలవకపోవడమే మేలని నాకు అనిపిస్తున్నది. మా బృందంలో దీనికి మద్దతు వస్తుందో లేదో చూడాలి.