ఫోటోలన్నీ క్లౌడ్‌లో ఉన్నాక ఇంట్లో హార్డ్ డిస్కు దండగ కాదా?

వేళచ్చేరి_కిందిల్లు:
చెన్నైలో ఉంటున్న మనవాళ్ళందరికీ నమస్తే. మా ఇంట్లో పది రోజులుగా నడుస్తున్న గొడవ తెచ్చి ఇక్కడ పడేస్తున్నా, తీర్పు మీరే చెప్పండి.

2015 డిసెంబర్ 1 రాత్రి మేం వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నాం. తెల్లారేసరికి మంచం కోళ్ళు మునిగాయి. బియ్యం డబ్బా, గ్యాస్ సిలిండర్, సర్టిఫికెట్ల ఫైలు మేడ మీదికి చేరేశాం. బీరువా అడుగు అరలో ఉన్న రెండు హార్డ్ డిస్కులు ఒక్కరికీ గుర్తు రాలేదు. మా పెళ్ళి, పెద్దాడి బారసాల, నాన్న చివరి సంక్రాంతి, అన్నీ వాటిలోనే. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని రెండు కొన్న తెలివైనవాణ్ణి నేనే. రెండూ ఒకే గుడ్డసంచీలో పెట్టిందీ నేనే.

అప్పటినుంచి ఫోన్‌లో తీసిన ప్రతి ఫోటో క్లౌడ్‌కి, అంటే నెట్‌లో కంపెనీవాళ్ళ సర్వర్లకి, పోతోంది. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుపానుకి మళ్ళీ నీళ్ళొచ్చాయి. మూడు రోజులు కరెంటు లేదు, నెట్ లేదు. అయినా ఫోటోల గురించి బెంగ పడలేదు. ఇప్పుడు మా బావ నెల్లూరు నుంచి వచ్చి "ఇంట్లో ఒక డిస్కన్నా లేకపోతే ఎట్లా రా" అని పట్టుకున్నాడు. నేనేమో ఆ డబ్బుకి మూడేళ్ళ క్లౌడ్ వస్తుందంటాను. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

రిచీ_వీధి_పాతకాపు:
మీవి పోయింది హార్డ్ డిస్కులైనందుకు కాదు గురువుగారూ, ఒకే సంచీలో ఉన్నందుకు. ఇంతకీ తడిసిన డిస్కుల్ని ఏం చేశారు?

వేళచ్చేరి_కిందిల్లు:
వారం రోజులు మేడ మీద ఎండబెట్టి లాప్‌టాప్‌కి తగిలించాను. టక్, టక్, టక్ అని కొట్టుకుంది. తర్వాత అదీ లేదు.

రిచీ_వీధి_పాతకాపు:
అనుకున్నా. 2015 వరద తర్వాత నెల రోజులు రిచీ వీధిలో మా కంప్యూటర్ షాపు కౌంటర్‌కి వచ్చినవన్నీ ఇట్లా ఎండబెట్టినవే, కొన్నయితే బియ్యంలో కూడా పెట్టి తెచ్చారు. మామూలు హార్డ్ డిస్కుకి గాలి కోసం చిన్న రంధ్రం ఉంటుంది, నీళ్ళు అక్కణ్ణించే లోపలికి పోతాయి. ఎండబెడితే నీళ్ళు పోతాయి, బురద మాత్రం లోపల ఫోటోలు రాసి ఉండే పళ్ళేనికి అంటుకుని గట్టిపడుతుంది. అప్పుడు కరెంటు ఇచ్చారంటే పళ్ళెం గిర్రున తిరుగుతుంది, దాన్ని చదివే తల వెళ్ళి ఆ బురదని గీరుతుంది. మీరు విన్న టక్ టక్ తల దారి దొరక్క కొట్టుకునే చప్పుడు. తడిగా ఉన్నదాన్ని తడిగానే ప్లాస్టిక్ కవర్లో మూసి, కరెంటు ఇవ్వకుండా రికవరీ ల్యాబ్‌కి పంపితే కొంత ఆశ ఉండేది. ఖర్చు మాత్రం డిస్కు ధరకి ఎన్నో రెట్లు.

ఎప్పుడూ చెప్పే లెక్క ఒకటుంది. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి వేరే చోట. పీటర్ క్రో అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చాడు. మీ క్లౌడ్ అందులో ఒక కాపీ. మిగతా రెండూ ఏవి?

ఓఎంఆర్_కోడుగాడు:
పాతకాపు అన్నా, డిస్కులు అమ్మేవాళ్ళు డిస్కు వద్దంటారా? :) మా ఆఫీసులో పనే స్టోరేజ్. పెద్ద క్లౌడ్ కంపెనీ ఏదీ మీ ఫోటోని ఒక్క మెషిన్‌లో పెట్టుకుని కూర్చోదు. ఒక డిస్కు చచ్చినా మీకు తెలియనే తెలియదు. ఇంట్లో డిస్కు చచ్చింది అని మనకెప్పుడు తెలుస్తుంది? పిల్లకి పెళ్ళి కుదిరి, చిన్నప్పటి ఫోటోలు వీడియోలో వేద్దామని తీసినప్పుడు. అలమరలో పడేసిన ఎస్‌ఎస్‌డీలు (పళ్ళెం లేని చిప్పు డిస్కులు), పెన్‌డ్రైవ్‌లు ఇంకా ఘోరం, ఏళ్ళ తరబడి కరెంటు తగలకపోతే ఫోటోల్ని పట్టి ఉంచే లోపలి చార్జి కారిపోతుంది. నేను వేళచ్చేరి అన్న పక్షం.

తాంబరం_లోకల్:
మా అమ్మ ఫోన్ నిండిపోయింది. గుడ్ మార్నింగ్ ఫోటోలు, దేవుడి ఫోటోలు వేలల్లో. "క్లౌడ్‌లో ఉన్నాయి కదమ్మా, ఫోన్‌లో తీసెయ్" అన్నాను. నిజంగా అదే మాటన్నాను. అమ్మ ఓపిగ్గా మధ్యాహ్నాలు కూర్చుని అన్నీ తీసేసింది, మా చెల్లెలి సీమంతం కూడా. యాప్‌లో ఒకచోట తీసేస్తే అన్నిచోట్లా పోతుందని అమ్మకి తెలీదు, నిజానికి నాకూ తెలీదు. నాలుగు నెలలకి చూసుకున్నాం. చెత్తబుట్ట ఎప్పుడో ఖాళీ. కంపెనీ పేరు అనవసరం, అది చేస్తానన్న పనే చేసింది. మీ క్లౌడ్ కాపీ కాదన్నా, అద్దం. ముఖానికి మసి అంటితే అద్దంలోనూ మసే.

ఓఎంఆర్_కోడుగాడు:
అది వాడకంలో తప్పు. గూగుల్ ఫోటోస్ తీసుకోండి, బ్యాకప్ అయినవి తీసేస్తే 60 రోజులు చెత్తబుట్టలో ఉంటాయి. ఫోన్‌లో మాత్రమే చోటు ఖాళీ చేయడానికి వేరే బటన్ ఉంది.

తాంబరం_లోకల్:
అరవై ఏళ్ళావిడకి ఏ బటన్ ఏదో చెప్పాల్సింది నేనే, ఒప్పుకుంటా. కానీ ఒక్క తప్పుకి అన్ని కాపీలూ ఒకేసారి పోతే, ఉన్నది ఒక్క కాపీ కాదా? మీ అన్నయ్య గుడ్డసంచీకీ దీనికీ తేడా ఏంటి?

కొత్త_బీటెక్:
ఇంత రాద్ధాంతం ఎందుకు బాస్, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అన్నీ ఉన్నాయిగా.

రిచీ_వీధి_పాతకాపు:
నాయనా, అక్కడ ఫోటోని పిండి పిప్పి చేసి పంపుతారు. తీసిన తేదీ కూడా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితేనే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఎవరు పంపుతారు అట్లా?

మైలాపూరు_పిన్ని:
నేను కంప్యూటర్ల మనిషిని కాను, అయినా చెప్తాను. మా ఇంట్లోకీ 2015లో నీళ్ళొచ్చాయి. మా ఆయన డిస్కు పోయింది, సీడీలు పోయాయి, ఆల్బములు మాత్రం బురదలో దొరికాయి. పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఇటుకల్లా ఉన్నాయి. మా అత్తగారు "పారెయ్యవే" అన్నారు. నేను బకెట్‌లో మంచినీళ్ళు పోసి ఒక్కో ఆల్బమూ నానబెట్టి, అంచు పట్టుకుని నిదానంగా విడదీశాను. బొమ్మ మీద వేలు పెట్టకూడదు, రంగు వేలికే వస్తుంది. బట్టల క్లిప్పులతో హాల్లో తాడుకి వేలాడదీశాను, ఫ్యాను కింద. రెండు రోజులు ఆ తాడు కింద వంగి నడిచాం. నూటాయాభైలో తొంభై దాకా బతికాయి. మా నాన్నగారి ఫోటోలో ఆకాశం, ఇల్లు, కుర్చీ అన్నీ చెరిగిపోయాయి. ముఖం మిగిలింది.

స్టూడియోలో కడిగించినవి కాబట్టి నిలిచాయి. ఇంట్లో ప్రింటర్ మీద తీసినవి సిరా కారి నీలం నీళ్ళయ్యాయి. మీ డిస్కు పాడైతే సగం ముఖమన్నా కనపడుతుందా? ఏడాదికి ఓ యాభై కడిగించుకోండి బాబూ.

ఓఎంఆర్_కోడుగాడు:
పిన్నీ, దణ్ణం. కానీ మాకు ఏడాదికి నాలుగు వేల ఫోటోలు.

మైలాపూరు_పిన్ని:
అందులో యాభై మంచివి ఉండవా?

అన్నానగర్_అన్నపూర్ణ:
అందరూ నీళ్ళ గురించే మాట్లాడుతున్నారు, తాళాల గురించి ఎవరూ అనలేదు. మావారు పోయి మూడేళ్ళు. ఫోటోలన్నీ ఆయన అకౌంట్‌లో. పాస్‌వర్డ్ ఆయన తలలో. ఓటీపీ వచ్చే నంబరు మేమే రద్దు చేయించాం, బిల్లు దండగని. ఫోటోలు అక్కడే ఉన్నాయో లేవో కూడా తెలీదు. ఆ కంపెనీకి మరణ ధ్రువపత్రం పంపి ఎన్ని నెలలు తిరిగానో రాయను, ఓపిక లేదు.

మీరు చేయగలిగింది రాస్తాను. రెండేళ్ళు ఎవరూ తెరవని వ్యక్తిగత అకౌంట్లను గూగుల్ తీసేయవచ్చు, 2023 డిసెంబర్ నుంచి ఆ పని మొదలైంది. అదే గూగుల్‌లో మన అకౌంట్ ఫలానా నెలలు కదలకపోతే ఫలానావాళ్ళకి ఇవ్వమని ముందే రాసిపెట్టుకోవచ్చు. ఆపిల్‌లోనూ వారసుల్ని పెట్టుకునే ఏర్పాటుంది. పది నిమిషాల పని. డిస్కుకి ఈ బాధ లేదు, సొరుగు లాగితే ఉంటుంది.

రిచీ_వీధి_పాతకాపు:
అమ్మా, ఈ చర్చలో అన్నిటికన్నా పనికొచ్చే పోస్టు మీదే. నాదొక్క ముక్క. ఫేస్‌బుక్ లాంటి పాత సైటు ఆర్కుట్‌లో మన బ్యాచ్ ఫోటోలు ఎన్ని ఉండేవో గుర్తుందా? 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. గూగుల్ ఫోటోస్ ఎన్నయినా ఉచితం అన్నారు, 2021 జూన్ 1 నుంచి అకౌంట్‌కి ఉచితంగా ఇచ్చే 15 జీబీ లెక్కలోకి తెచ్చారు. ఇవన్నీ ముందే చెప్పి చేసినవి. మైస్పేస్ అనే ఇంకో పాత సైటు అయితే సర్వర్లు మార్చేటప్పుడు పన్నెండేళ్ళ ఫోటోలు, పాటలు పోగొట్టి 2019లో సారీ చెప్పింది. అద్దె ఇంట్లో సామాను పెట్టుకోవచ్చు కోడుగాడూ, దస్తావేజులు మాత్రం మన దగ్గరుండాలి.

ఓఎంఆర్_కోడుగాడు:
సరే అన్నా, సగం ఒప్పుకుంటా. డిస్కు కొనొచ్చు, కానీ కొని మర్చిపోతారనే నా భయం. ఏడాదికోసారన్నా తగిలించి, అక్కడక్కడా పది ఫోటోలు తెరిచి చూడనివాళ్ళు కొనకండి.

వేళచ్చేరి_కిందిల్లు:
తాంబరం తమ్ముడి పోస్టు చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే కూర్చుని క్లౌడ్ నుంచి మొత్తం దించుకున్నాను, 400 జీబీ. సెకనుకి 40 మెగాబిట్లు వస్తుంటే 22 గంటలవుతుందని లెక్కేశా, నెట్ మధ్యలో తెగి రెండు రోజులు పట్టింది. జిప్ ముక్కలు లెక్కలేనన్ని. కొన్నిటి తేదీలు ఫోటోలో కాక పక్కన వేరే చిన్న ఫైళ్ళలో వచ్చాయి, ఆ తలనొప్పి ఇంకా తీరలేదు. చిన్నదాని మొదటి అడుగుల వీడియో తెరిచాను. ముఖం మసకగా ఉంది. చోటు ఆదా చేసే సెట్టింగ్ ఎప్పుడో నేనే పెట్టానట. ఒరిజినల్ పాత ఫోన్‌లో ఉండేది. ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాం.

దండగన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. రెండు డిస్కులు ఆర్డర్ పెట్టాను. ఒకటి ఇక్కడ, పై అరలో. రెండోది సంక్రాంతికి వెళ్ళినప్పుడు నెల్లూరులో బావ దగ్గర పెడదామని ఫోన్ చేశాను. ఆయన నవ్వాడు. 2021 నవంబర్లో పెన్నా పొంగినప్పుడు వాళ్ళ వీధిలో నడుము లోతు నీళ్ళట.

మైలాపూరు_పిన్ని:
అయితే వాళ్ళ మేడ మీద గదిలో పెట్టమను.