గానుగ నూనెకి పురుగుమందుల టెస్ట్ తప్పనిసరి చేయాలా?

సౌమ్య_నిజాంపేట
మా అపార్ట్‌మెంట్‌లో పాతిక కుటుంబాల దాకా కలిసి నెలనెలా గానుగ పల్లీ నూనె తెప్పించుకుంటున్నాం. ఈసారి ఒకరు "పల్లీల మీద కొట్టిన మందులు నూనెలోకి రావా?" అని అడిగారు. అమ్మే ఆయన వాట్సాప్‌లో ఒక ల్యాబ్ రిపోర్టు పెట్టాడు. అందులో "పురుగుమందుల అవశేషాలు: ఎన్.డి." అని ఒకే లైను ఉంది. తారీఖు చూస్తే పోయిన ఏడాదిది.

నా వాదన సింపుల్. రిఫైన్డ్ నూనె కన్నా చాలా ఎక్కువ ధర పెట్టి కొంటున్నాం, ఆరోగ్యం పేరు చెప్పే అమ్ముతున్నారు. అలాంటప్పుడు ప్రతి బ్యాచ్‌కీ టెస్ట్ రిపోర్టు ఇవ్వడం చట్టంగా ఉండాలి. మీరేమంటారు?

కదిరి_గానుగ
అమ్మా, నాది గానుగే కాబట్టి చెబుతున్నా. బ్యాచ్ అంటే ఏంటో ముందు తేల్చండి. మా చెక్క గానుగలో ఒక్కో వాయికి పదో పదిహేనో కిలోల పల్లీ పప్పు పోస్తాం. వందకి నలభై కిలోల నూనె దిగితే మంచి పప్పు కింద లెక్క. రకరకాల మందులన్నీ చూసే టెస్టుకి ల్యాబ్‌లో ఒక్క శాంపిల్‌కే వేలల్లో తీసుకుంటారు. ఆ వాయి నూనె మొత్తం అమ్మినా ఆ డబ్బు రాదు.

చట్టం ఇప్పటికే ఉంది కూడా. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ ఉన్న తయారీదారు ఆరు నెలలకోసారైనా టెస్ట్ చేయించాలి. రిజిస్ట్రేషన్‌తో నడిపే చిన్నవాళ్ళకి ఆ షరతు లేదు. మీరనే రూల్ వస్తే మాలాంటివాళ్ళు షట్టర్ దించేస్తారు, మిగిలేది పెద్ద కంపెనీలే.

రిఫైన్డ్_రావు
షట్టర్ దించితే నష్టమేమీ లేదండీ. ఎవరూ చెప్పని విషయం ఒకటి చెబుతాను. పురుగుమందుల సంగతి మాత్రమే చూస్తే రిఫైన్డ్ నూనే మెరుగు. రిఫైనరీలో చివరి దశ డీఓడరైజేషన్. వాక్యూమ్‌లో 200 నుంచి 250 డిగ్రీల వేడిలో నూనెలోకి ఆవిరి పంపుతారు. వాసనతో పాటు చాలా మందులు కూడా ఆవిరితో లేచిపోతాయి. మీ గానుగలో పప్పులో ఏముంటే అది నేరుగా సీసాలోకి వస్తుంది. "సహజం" అన్న మాటకి ఎక్కువ డబ్బు కడుతున్నారు, అంతే.

ల్యాబ్_బెంచి
నేను ఈ టెస్టులు చేసే ల్యాబ్‌లోనే పనిచేస్తాను, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

సౌమ్య గారూ, మీకొచ్చిన ఒక లైను రిపోర్టుతో ఏమీ తెలియదు. ఎన్.డి. అంటే "దొరకలేదు" అని. ఏ మందుల కోసం వెతికారు, ఎంత తక్కువ మోతాదు వరకు కొలవగలిగారు అన్నవి పక్కన ఉంటేనే దానికి అర్థం. మంచి రిపోర్టులో మందుల పేర్ల జాబితా పేజీలకు పేజీలు ఉంటుంది, ఒక్కోదాని ఎదురుగా ఎల్‌ఓక్యూ అనే అంకె, అంటే కొలవగలిగిన అతి తక్కువ మోతాదు, ఉంటుంది. మామూలుగా అది కిలోకి 0.01 మిల్లీగ్రాములు. మన దేశంలో పరిమితి ప్రత్యేకంగా నిర్ణయించని మందులకి సాధారణంగా వర్తించే పరిమితీ అదే. ఎల్‌ఓక్యూ 0.1 పెట్టుకున్న ల్యాబ్‌కి 0.05 ఉన్నా "దొరకలేదు" అనే వస్తుంది.

ఇంకోటి, నూనెని పరీక్షించడం కూరగాయల్ని పరీక్షించినంత తేలిక కాదు. వంకాయని మెత్తగా చేసి అసిటోనైట్రైల్ అనే ద్రావణంతో గిలక్కొడితే మందు అందులోకి వచ్చేస్తుంది. దీన్ని క్వెచర్స్ పద్ధతి అంటారు, 2003లో వచ్చింది. నూనె దగ్గర చిక్కంతా కొవ్వుతోనే. క్లోర్‌పైరిఫాస్, బైఫెంత్రిన్, పాత డీడీటీ లాంటి పురుగుమందులు కొవ్వులో ఇష్టంగా కరుగుతాయి, నూనెని వదిలి ద్రావణంలోకి పూర్తిగా రావు. మందుతో పాటు వచ్చిన కొద్దిపాటి కొవ్వుని తీసెయ్యడానికి శాంపిల్‌ని మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టిస్తాం, కొవ్వుని పట్టుకునే సీ18 అనే పొడి వేసి శుభ్రం చేస్తాం. ఆ తర్వాతే మందుల్ని గుర్తించి కొలిచే జీసీ-ఎంఎస్/ఎంఎస్ మిషన్‌కి ఎక్కిస్తాం. లేకపోతే మిషన్ ముందు భాగం జిడ్డుపట్టి అంకెలన్నీ తప్పుతాయి.

అందుకే తెలిసిన మోతాదులో మందుని నూనెలో మేమే కలిపి, ఎంత తిరిగి వస్తుందో చూస్తాం. వందకి 70 నుంచి 120 మధ్య వస్తే పద్ధతి సరైనట్టు. కొవ్వులో బాగా కరిగే మందులకి అది 50కి పడిపోయినా సరిచేసుకోకుండా రిపోర్టు ఇస్తే సగం మందు మాయమైనట్టే. కాబట్టి ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల పనితీరు చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందా అని అడిగి ఊరుకోకండి. ఆ గుర్తింపు పరిధిలో వంట నూనెలు ఉన్నాయా అని అడగండి. ధాన్యానికి మాత్రమే గుర్తింపు ఉండి నూనె శాంపిల్ తీసుకునేవాళ్ళూ ఉన్నారు.

"గ్లైఫోసేట్ లేని నూనె" అని లేబుల్ మీద చూస్తే మాత్రం నాకు నవ్వొస్తుంది. అది నీళ్ళలో కరిగే కలుపు మందు, నూనెలోకి దాదాపు రాదు, పైగా దానికి వేరే టెస్ట్ కావాలి. లేనిదాన్ని లేదని చెప్పి అమ్మడం అది.

చెనిక్కాయ_రైతు
అన్నా, అందరూ మందు మందు అంటున్నారు, ఎప్పుడు ఏది వాడతామో ఒక్కరూ అడగలేదు. మాది అనంతపురం వైపు, ఖరీఫ్ పంట. విత్తనశుద్ధికీ వేరుపురుగుకీ క్లోర్‌పైరిఫాస్ వాడేవాళ్ళు ఉన్నారు. తిక్క ఆకుమచ్చ వస్తే టెబుకొనజోల్ లాంటి తెగులు మందు కొడతాం. ఆకు మీద కొట్టింది కాయ దాకా పెద్దగా పోదు, కాయ భూమిలో కదా ఉండేది. భూమిలో వేసిందాన్నే అనుమానించాలి. వానల్లేని ఏడాది ఖర్చుకి భయపడి అసలు మందే కొట్టం.

మీకు నిజంగా భయం కావాలంటే బూజు గురించి భయపడండి. కోత ముందు బెట్ట పడితేనో, పీకాక సరిగ్గా ఆరకపోతేనో కాయకి బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ పంటల పరిశోధనా సంస్థ వాళ్ళు ఏళ్ళ తరబడి దాని మీదే పనిచేస్తున్నారు. పుచ్చు పప్పు, ముడుచుకున్న పప్పు ఏరకుండా గానుగలో పోస్తే అది కొంత నూనెలోకి వస్తుంది. ఏరిన పప్పుకి రెండు రూపాయలు ఎక్కువ ఇవ్వమంటే ఏ గానుగాయనా ఇవ్వడు.

కదిరి_గానుగ
నేనిస్తాను, కానీ ఏరినట్టు చూపించాలి కదప్పా. పైన రెండు మూటలు మంచివి పెట్టి అడుగున గిడసపప్పు పెడితే?

రిఫైన్డ్_రావు
దేశవ్యాప్తంగా చేసిన సర్వే ఒకటుంది కాబట్టి అంకెలతో మాట్లాడదాం. 2020 ఆగస్టులో ఎఫ్ఎస్ఎస్ఏఐ 4,461 నూనె శాంపిళ్ళు పరీక్షించింది. అఫ్లాటాక్సిన్, పురుగుమందులు, భారలోహాలు మూడూ కలిపి భద్రత విషయంలో ఫెయిలైనవి 108, అంటే రెండున్నర శాతం కూడా లేవు. నాణ్యతలో ఫెయిలైనవి 24 శాతం. అంటే అసలు దోపిడీ కల్తీ, నాసిరకం నూనె దగ్గర ఉంది. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి 60 మందికి పైగా పోయారు, పురుగుమందుతో కాదు. ఉన్న కొద్ది ల్యాబులనీ 0.01 మిల్లీగ్రాముల వెంట పరిగెత్తించడం తెలివైన పని కాదు.

లెక్క కూడా చూడండి. నూనెలో క్లోర్‌పైరిఫాస్ కిలోకి 0.05 మిల్లీగ్రాములు ఉందనుకుందాం, పైన చెప్పిన 0.01కి ఐదు రెట్లు. రోజుకి 30 గ్రాముల నూనె తింటే ఒంట్లోకి పోయేది 0.0015 మిల్లీగ్రాములు. అంతర్జాతీయ నిపుణుల కమిటీ పెట్టిన రోజువారీ హద్దు 60 కిలోల మనిషికి 0.6 మిల్లీగ్రాములు. నాలుగు వందల వంతుల్లో ఒక వంతు!

ల్యాబ్_బెంచి
గుణకారం సరిగ్గానే ఉంది రావు గారూ, కానీ ఆ హద్దు మీదే గొడవ ఉంది. క్లోర్‌పైరిఫాస్‌కి సురక్షితమైన హద్దు అంటూ చెప్పలేమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2019లో తేల్చింది, 2020లో ఐరోపా దాని అనుమతి తీసేసింది. పిల్లల మెదడు ఎదుగుదల మీద ప్రభావం గురించిన అనుమానం ఒక ముఖ్య కారణం. మనిషి తినేది నూనె ఒక్కటే కాదు కూడా. కూరల్లో, బియ్యంలో, పండ్లలో వచ్చేది కలపాలి.

రిఫైనింగ్ గురించి మీరన్నది నిజమే, సగం నిజం. ఆ 200 డిగ్రీలు దాటిన వేడే గ్లైసిడిల్ ఎస్టర్లు, 3-ఎంసీపీడీ అనే కొత్త పదార్థాలని పుట్టిస్తుంది, పామాయిల్‌లో మరీ ఎక్కువగా. వాటికి ఐరోపాలో పరిమితులు ఉన్నాయి. ఒకటి తీసి ఇంకొకటి పెడుతోంది రిఫైనరీ.

బజ్జీ_ప్రియుడు
మీరంతా పల్లీ నూనె దగ్గరే ఆగిపోయారు. మన రెండు రాష్ట్రాల్లో మందు ఎక్కువ కొట్టే పంటల్లో పత్తి ముందుంటుంది. ఆ గింజల నూనె హోటళ్ళలో, చిరుతిళ్ళలో పోతోంది. దాని రిపోర్టు ఎవరైనా అడిగారా? గానుగాయన ఎదురుగా దొరికాడు కాబట్టి ఆయన్ని నిలబెట్టి అడుగుతున్నారు.

రిఫైన్డ్_రావు
పత్తిగింజల నూనె రిఫైన్ చేయకుండా తినలేరు బ్రదర్, గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. నేను చెప్పిందే మీరూ చెబుతున్నారు.

సౌమ్య_నిజాంపేట
ఎంత ప్రమాదం అన్నది మీరు మీరు తేల్చుకోండి. నా ప్రశ్న "ఆరోగ్యం" అని అమ్మేవాడు చూపించాల్సింది చూపించాలా వద్దా అని. అడిగితే ఏడాది కిందటి కాగితం పెట్టాడు, అది మా ఇంటికొచ్చిన నూనెదో కాదో కూడా తెలియదు.

ఆహార భద్రతా చట్టంలో 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్ళు కూడా ఫీజు కట్టి శాంపిల్ పరీక్ష చేయించుకోవచ్చట. పాతిక కుటుంబాలం కలిస్తే ఆ ఖర్చు భరించగలం.

ల్యాబ్_బెంచి
చేయించండి. కానీ 40వ సెక్షన్ కింద అయితే పరీక్ష చేయిస్తామని కొనేటప్పుడు అమ్మేవాడికి చెప్పాలి, అంతకన్నా ముందే మాత్రం చెప్పకండి. సీల్ తీయని సీసా పంపండి, ఏ మందులు చూస్తారో జాబితా ముందే రాయించుకోండి. అఫ్లాటాక్సిన్ కూడా కలపండి, రైతు అన్న చెప్పింది నిజం.

కదిరి_గానుగ
ఒక మాట. నూనెకి బదులు పప్పుని టెస్ట్ చేస్తే? సీజన్‌లో యార్డులో కొన్నప్పుడు లాట్‌కి ఒక్కసారి. మా వైపు ఐదారు గానుగల వాళ్ళం ఒకే మిల్లు నుంచి పప్పు తెచ్చుకుంటాం, ఖర్చు పంచుకోవచ్చు. ఒక లాట్ నాకు రెండు నెలలు వస్తుంది.

ల్యాబ్_బెంచి
ఇది పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త: పప్పులో దాదాపు సగం నూనె. కొవ్వులో కరిగే మందు అంతా నూనెలోకే దిగిందనుకుంటే పప్పులో 0.01 ఉన్నది నూనెలో 0.02 దాకా అవుతుంది. ల్యాబ్‌కి పప్పులో 0.005 వరకు చూడగలరా అని అడగండి. శాంపిల్ కూడా ఒక్క మూట నుంచి కాకుండా పది పదిహేను మూటల నుంచి తీసి కలపాలి. బూజు ఎక్కడో నాలుగు గింజల్లో ఉంటుంది, ఒక్క దోసిలి తీస్తే తప్పించుకుంటుంది.

సౌమ్య_నిజాంపేట
లాట్ నంబర్ సీసా మీద వేస్తారా మరి?

కదిరి_గానుగ
సీసాల మీద వేస్తాను. మా దగ్గర సగం మంది సొంత డబ్బా తెచ్చుకుని పోయించుకుంటారు, వాళ్ళకి ఎక్కడ వెయ్యమంటారు?

రిఫైన్డ్_రావు
విడి నూనె అమ్మడమే నిషేధం కదండీ, రాష్ట్రం మినహాయింపు ఇస్తే తప్ప. టెస్ట్ సంగతి తర్వాత, ముందు అది చూసుకోండి.

కదిరి_గానుగ
మా తాతల నుంచి డబ్బాలోనే పోస్తున్నాం సార్. లాట్ నంబరు, రిపోర్టు షాపు గోడకి అంటిస్తాను. డబ్బా వాళ్ళు వచ్చి చదువుకుంటారు.